మిషనుకి అటువైపు

మిషను రేపు వస్తుందనగా, ఇవాళే పనిగది నేలంతా సుద్దగీతలతో నిండిపోయింది. గీసినవాడు మామూలు మనిషైతే ఒక పెట్టె గీసి, ఇదిగో ఇక్కడ పెడదాం అని లేచిపోయేవాడు. ఈయన అలా లేచే రకం కాదు. గోడ నుంచి టేపు పెట్టి, దారం లాగి, మట్టం ఆనించి గీత గీస్తాడు. ఆ గీత గోడకి సమంగా ఉందో లేదో మళ్ళీ టేపు పెట్టి చూస్తాడు. వెంట్రుకవాసి తేడా కనిపిస్తే తడిగుడ్డతో తుడిచి మొదటినుంచీ మొదలుపెడతాడు. మూలలు సరిచూసుకునే ఇనప మట్టం ఎప్పుడూ చంకలోనో చేతిలోనో ఉంటుందని వీధిలో అందరూ ఆ వడ్రంగిని మూలమట్టం అనే పిలుస్తారు. పిలిస్తే పలుకుతాడు కూడా. పెళ్ళైన కొత్తలో గదిలో మంచం గోడకి సమంగా లేదని అర్ధగంట జరుపుతూ కూర్చున్నాడని అత్తగారు ఇప్పటికీ చెప్పి నవ్వుతుంది. ఆ మంచానికి రెండో వైపు పట్టుకున్నది ఎవరో మాత్రం ఆ కథలో రాదు. ఇంకెవరు, ఆయన భార్యే.

టీ గ్లాసులు పట్టుకుని ఆమె గుమ్మంలో నిలబడింది. గీతలు తొక్కకుండా లోపలికి ఎలా వెళ్ళాలో తెలియలేదు.

"అక్కడే ఉండు, అక్కడే ఉండు" అని ఆయనే గీతల మీదుగా గెంతుకుంటూ వచ్చి గ్లాసందుకున్నాడు. వెనకే వచ్చిన అత్తగారు తొంగిచూసి, "ఏమిట్రా ఇదంతా, తొక్కుడుబిళ్ళ ఆడతావా ఏం ఈ వయసులో?" అంది.

"ఆట కాదమ్మా. ఆ మిషను రెండు పనులు చేస్తుంది. పైన ఇనప బల్ల మీద పలక పెట్టి తోస్తే వంపూ మెలికా పోయి చదునవుతుంది. ఆ బల్లలు పెట్టె మూతల్లా పైకెత్తేసి, కింద నోట్లో అదే పలక పెడితే మొత్తం ఒకే మందం వస్తుంది. మందం తీయించడానికి ఇన్నాళ్ళూ మిల్లుకి మోసుకుపోయాం కదా, ఇక ఆ బాధ లేదు."

"ఒకటి కొంటే రెండన్నమాట" అంది అత్తగారు, తృప్తిగా.

కోడలు మాత్రం గీతలు చూస్తోంది. పొడుగు గోడ పక్కన ఆయన పని బల్ల, ఉన్నచోటే ఉంది. ఎదురు గోడకి చెక్కల దొంతర. ఆ రెంటి నడుమ, కిటికీ వైపుకి జరిపి, గోడలకి అచ్చంగా సమంగా, మిషను పెట్టె. దాని పక్కన పొట్టు పడే బస్తాకి ఒక గుండ్రం. తలుపు వైపు చివర రెండు చెప్పుల ఆకారాలు. తన చెప్పులు విడిచి, చుట్టూ సుద్ద తిప్పి మరీ గీసుకున్నాడు.

"అది నేను" అన్నాడాయన, ఆమె చూపు అక్కడ ఆగడం చూసి. "పలక తోసేటప్పుడు నిలబడాలిగా. చాలామంది మిషనుకి చోటు చూస్తారు, మనిషికి చూడరు. అక్కడే దెబ్బతింటారు."

ఆ మాటకి ఆమె గది రెండో చివర నేలకేసి చూసింది. అక్కడ, కిటికీ కింద, పన్నెండేళ్ళుగా తన చిన్నబల్ల ఉండే చోట, ఏ గీతా లేదు. జిగురు డబ్బా, చెక్క నునుపు చేసే ఉప్పు కాగితాలు, పాలిష్ గుడ్డలు ఉండే ఆ బల్ల పొద్దున్నే వెనక వసారాలోకి పోయింది. అది తాత్కాలికమే అనుకుంది. పని బల్ల మీద ఆయన పలక తోస్తుంటే అవతల చివర పట్టుకుని, చెక్క ఎక్కడ వణుకుతోందో అరచేత్తో చూసి చెప్పేది ఆమే. ఎవరైనా ఖాతాదారు వస్తే ఆయన "మా ఆవిడ, సాయం పడుతూంటుంది" అంటాడు. సాయం అనే మాట ఆమెకి నచ్చదు. కానీ ఆ చోటు నచ్చుతుంది. వంటింట్లో కూడా ఆమెకి అంత నచ్చిన చోటు లేదు.

"మరి నేనెక్కడ నిలబడాలి?"

"నువ్వా?" అని ఆయన ఉత్సాహంగా కిటికీ వైపు వెళ్ళాడు. అప్పుడు చూసిందామె, కిటికీకి చెక్క ఊచలు లేవు. ఊడదీసి గోడకి ఆనించి ఉన్నాయి. "అసలు తెలివంతా ఇక్కడుంది. గది పొడవు చాలదు. లైబ్రరీ వాళ్ళు చేయమన్న బల్లలకి ఏడడుగుల పలకలు. తోస్తే చివర గోడకి కొట్టుకుంటుంది. అందుకని తిన్నగా కిటికీలోంచి బయటికి పంపించేస్తాం. నువ్వు బయట నిలబడి అందుకుంటావు."

"బయటా?"

"సందులో. కిందన కాస్త పల్లంగా ఉంది, ఒక పెట్టె బోర్లించి ఇస్తాలే."

ఆయన ముఖం ఎంత వెలిగిపోతోందంటే ఆమెకి ఇంకేమీ అనబుద్ధి కాలేదు. ఖాళీ గ్లాసులు తీసుకుని, గీతలు తొక్కకుండా వెళ్ళిపోయింది.

మిషను మర్నాడు పొద్దున వచ్చింది. నలుగురు మనుషులు గునపాలతో పైకిలేపి, కింద ఇనప గొట్టాలు వేసి దొర్లించుకుంటూ, నానా తిట్లూ తిట్టుకుంటూ సుద్దపెట్టెలో దించారు. మెకానిక్కు కరెంటు కలిపి, బ్లేడ్లు బిగించి, పైబల్ల మీద ఒక ముక్క తోసి చూపించి, ఇంకోచోట పని ఉందంటూ బండెక్కేశాడు. మూలమట్టం మట్టం ఆనించి చూసుకున్నాడు. గోడకి సమంగా ఉంది. గుండె నిండినట్టు ఊపిరి పీల్చాడు.

"ఊ, వెళ్ళు" అన్నాడు భార్యతో.

ఆమె ముందు గుమ్మంలోంచి దిగి, ఇల్లంతా చుట్టి, మురుగు కాలవ పక్కనుంచి సందులోకి వచ్చింది. పెట్టె బోర్లించి ఉంది. ఎక్కితే కిటికీ గట్టు నడుము దగ్గరికొచ్చింది. ఎండ తిన్నగా మాడు మీద పడుతోంది. లోపల అంతా చీకటిగా కనిపించింది. తను పన్నెండేళ్ళు పనిచేసిన గదే, అయినా ఎవరిదో పరాయి గదిలోకి తొంగిచూస్తున్నట్టుంది.

మిషను గర్జించింది. కాసేపటికి కిటికీలోంచి పలక కొస బయటికొచ్చింది. పట్టుకుంది. వణుకు తెలుస్తోంది గానీ, అది చెక్క వణుకో మిషను వణుకో తెలియడం లేదు. "కాస్త మెల్లగా, ఇటు కొస లేస్తోంది" అని అరిచింది.

"ఏంటీ?"

"కొస లేస్తోంది! మీ మాట నాకు వినపడట్లా, నా మాట మీకు వినపడుతోందా?"

"వినపడకపోతే ఏం? నువ్వు చెయ్యాల్సింది పట్టుకోవడమేగా!"

పట్టుకుంది. అందుకున్న పలక మళ్ళీ కిటికీలోంచి లోపలికి అందించడం, ఇంకోటి అందుకోవడం. సందుకి అవతలి మేడ మీద బట్టలారేస్తున్న పక్కింటావిడ పిట్టగోడ మీదకి వంగింది.

"ఏంటమ్మా, మొగుడు బయటికి గెంటేశాడా?"

"లేదు పిన్నిగారూ, పని."

"పనా! కిటికీలోంచి పనేవిటే తల్లీ! ఇల్లు ఇరకాటం, ఆలి మర్కటం అని ఊరికే అన్నారా? నువ్వు పెట్టెక్కి వేలాడుతుంటే అచ్చం అలాగే ఉంది" అని పకపకా నవ్వింది.

ఆవిడది మంచి నవ్వే, మనసులో ఏమీ ఉండదు. అయినా అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందని సామెత ఊరికే పుట్టలేదు. ఆమెకి కళ్ళు చెమర్చాయి. చెమట అన్నట్టు మోచేత్తో తుడుచుకుంది. చేతులు ఖాళీ లేవు మరి, పలక వస్తోంది.

సాయంత్రానికి పలకలన్నీ ఒకవైపు అద్దంలా చదునయ్యాయి. ఆయన ఒక్కోదాన్నీ నిమిరి నిమిరి మురిసిపోయాడు. ఆమె వసారాలోకి వెళ్ళి చూస్తే ఎండకి జిగురు డబ్బాలో పైన అట్ట కట్టి ఉంది. అది పుల్లతో తీసి పారేస్తూ, ఇది ఇక్కడే ఉండిపోతుంది, నేను అక్కడే ఉండిపోతాను అనుకుంది. ముందు వానలొస్తాయి. అప్పుడు వానలో తడవలేవులే అంటాడు, ప్రేమగానే అంటాడు. గోడకి రెండు కర్రల ఆసరా బిగిస్తాడు. ఆ తర్వాత పలక పట్టుకోవడానికి మనిషే అక్కర్లేదు. ఎవరూ వెళ్ళమనకుండానే తను ఆ గదిలోంచి వెళ్ళిపోయినట్టవుతుంది. ఆలోచించిన కొద్దీ ఆమెకి భయం వేసింది.

రెండో రోజు మందం తీసే పని. మిషను బల్లలు రెండూ పైకెత్తి నిలబెట్టాడు. పొట్టు గొట్టం తిప్పి బిగించాడు. తన చెప్పుల గుర్తుల్లో తను నిలబడి, పలక కింద నోట్లోకి తోశాడు. ఆమె సందులో పెట్టె మీద సిద్ధంగా ఉంది.

పలక రాలేదు. లోపల దడదడా చప్పుడైంది. ఆయన ఇంకాస్త బలంగా తోశాడు. మిషను పలకని వెనక్కి నెట్టింది. మళ్ళీ తోశాడు, మళ్ళీ నెట్టింది. మూడోసారి పలక ఆయన పొట్టలో పొడిచింది.

"ఓరి దీని దుంపతెగా!" అని మిషను ఆపి, మెకానిక్కుకి ఫోన్ చేశాడు. స్పీకరు పెట్టాడేమో, కిటికీ దాకా వినపడింది.

"ఎటునుంచి పెట్టారండీ?"

"ఎటునుంచేంటయ్యా, తలుపు వైపు నుంచి. నిన్న పైన ఎటునుంచి తోశానో అటునుంచే."

"అయ్యో, కాదండీ. పైన ఎటు పోతుందో కింద దానికి ఎదురు. బ్లేడ్ల రోలు ఒక్కటే కదా, గుండ్రంగా తిరుగుతుంది. పైన ఇటొస్తే కింద అటు పోతుంది. మీరు రెండో వైపు నుంచి ఎక్కించాలి. అందరికీ తెలుసుగా అని చెప్పలేదు."

ఫోను పెట్టేసి ఆయన రెండో వైపుకి చూశాడు. మిషనుకీ కిటికీ గోడకీ మధ్య ఒక మనిషి పక్కకి తిరిగి దూరేంత చోటు, అంతే. ఏడడుగుల పలక అక్కడ పట్టుకుని నిలబడాలంటే గోడలో నిలబడాలి. గోడ అవతల, ఎండలో, పెట్టె మీద ఆమె ఉంది.

ఆమెకి నవ్వొచ్చింది. ఆపుకుంది.

"పలక ఇటివ్వండి" అంది.

ఆయన కిటికీలోంచి అందించి, మిషను మళ్ళీ వేశాడు. చదునైన వైపు కిందికి తిప్పి, చెక్క నార ఎటు పడుకుని ఉందో వేళ్ళతో తడిమి, ఆ కొస ముందుపెట్టి ఆమె లోపలికి తోసింది. రోలర్లు పట్టుకున్నాయి. పలక ఆమె చేతుల్లోంచి తనంతట తనే, బుద్ధిగా, లోపలికి పోయింది. అవతల ఆయన అందుకున్నాడు. పన్నెండేళ్ళలో మొదటిసారి ఆమె తోస్తుంటే ఆయన పట్టుకున్నాడు. ఇద్దరూ ఆ మాట అనుకున్నారు, ఎవరూ పైకి అనలేదు.

రెండు పలకలయ్యాక ఆయన మిషను ఆపేశాడు. "ఇలా కాదు. ఎక్కించే పని నేను చూసుకోవాలి. నువ్వు లోపలికి రా, నేను అటొస్తాను."

"రండి" అంది ఆమె.

మూలమట్టం సందులోకి దిగాడు. ఆమె లోపలికొచ్చి, ఆయన చెప్పుల గుర్తుల మీద నిలబడింది. పాదాల చుట్టూ ఆ గీతల్లో ఇంకా ఖాళీ మిగిలింది. కిటికీ చట్రంలో ఆయన ముఖం కనిపించింది, కళ్ళు చికిలించుకుని.

"లోపలేమీ కనపడట్లేదేంటి? నోరెక్కడుంది?"

"కాస్త ఎడమకి."

"ఏంటీ?"

"ఎడమకి!"

"వినపడట్లా!"

నిన్న ఆయనన్న మాట ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. అనలేదు. చేత్తో ఎడమకి చూపించింది.

ప్రతి పలకకీ అదే తంతు. మందం తిప్పే చక్రం లోపలుంది. ఆయన బయట. "పావు చుట్టు తిప్పు" అని అరుస్తాడు. ఆమె తిప్పుతుంది. నమ్మకం కుదరక ఆయన పెట్టె దిగి, ఇల్లంతా చుట్టి, లోపలికొచ్చి చూసి, సరిగ్గానే ఉందని మళ్ళీ చుట్టి వెళ్ళి పెట్టెక్కుతాడు. మధ్యాహ్నానికి మొహం కందిపోయింది. కాలవ పక్క బురదలో ఒక చెప్పు తెగింది. అత్తగారు గుమ్మంలో కూర్చుని, "ఒరేయ్, ఇంటికి ప్రదక్షిణలు చేస్తున్నావా, ఇంకెన్ని?" అని అడిగింది. ఆ తర్వాత చినుకులు మొదలయ్యాయి. మేడ మీద బట్టలు తీసుకుంటున్న పక్కింటావిడ ఆగి చూసింది.

"ఇవాళ నీ వంతా నాయనా?"

ఆమెకి ఆయన చెవులు కనిపించాయి, ఎర్రగా ఉన్నాయి. పాపం అనిపించింది. ఆ పాపంతో పాటు, బాగా అయింది అని కూడా అనిపించింది. రెండూ నిజమే.

పలకలు తడవకూడదని పని ఆపేశారు. సాయంత్రం ఆయన పనిగది గుమ్మం మీద కూర్చుని తెగిన చెప్పుకి మేకు కొడుతున్నాడు. ఆమె వచ్చి ఎదురుగా నిలబడింది.

"రేపు నేను బయట నిలబడనండీ."

"నేను నిలబడతాలే."

"మీరూ వద్దు. ఇద్దరం లోపలే ఉందాం."

"ఎలా కుదురుతుంది? పొడవు చాలదన్నానుగా. ఎన్నిసార్లు కొలిచానో తెలుసా?"

"గోడ వెంబడి కొలిచారు. మూల నుంచి మూలకి కొలిచారా?"

ఆయన సుత్తి ఆగింది. "మూల నుంచి మూలకా? అంటే... వంకరగానా?" ఎవరో ఇంటి పరువు తీసే మాట అన్నట్టు చూశాడు. "ఛ. బల్ల ఒకలా, మిషను ఒకలా! మూల నుంచి మూలకి అడ్డంగా పడేస్తే ఇక గదిలో తిన్నగా ఏముంటుంది?"

"పలక తిన్నగా ఉంటుంది."

తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే మనిషి, మాటకి మాట వెంటనే అనేవాడు, చెప్పుని అటూ ఇటూ తిప్పి చూస్తూ కూర్చున్నాడు. ఆమె ఇక ఆగదలుచుకోలేదు.

"పొట్టు బస్తాకి కూడా చోటు గీశారు. మీ చెప్పులు విప్పి మరీ గీసుకున్నారు. మనిషికి చోటు చూడాలని మీరే అన్నారు. నా కాళ్ళు మీకు గుర్తు రాలేదు. నాకు కష్టమేసింది." ఆయన చేతిలోని చెప్పు వైపు చూస్తూ పూర్తిచేసింది. "ఎండకి కాదు. వానొచ్చినా నిలబడతాను, అది కాదు నా బాధ. ఆ గదిలో నాకు చోటుండాలి. అంతే."

"అయ్యో, నేనట్లా అనుకుని చెయ్యలేదే" అన్నాడాయన.

"అనుకోలేదు. అదే చెప్తున్నా, అసలు అనుకోలేదు."

లోపల్నించి అత్తగారు పిలిస్తే ఆమె వెళ్ళిపోయింది. వెనక మేకు కొట్టే చప్పుడు మళ్ళీ చాలాసేపటికి గానీ వినపడలేదు.

మూడో రోజు పొద్దున లేచేసరికి గుమ్మం దగ్గర ఆమె చెప్పులు లేవు. కుక్కేమైనా ఎత్తుకుపోయిందేమోనని వీధిలో చూసింది. వసారాలో చూసింది. వసారాలో చెప్పులే కాదు, తన చిన్నబల్ల కూడా లేదు. వట్టి కాళ్ళతో పనిగదిలోకి వెళ్ళింది.

పాత గీతలన్నీ తుడిచేసి ఉన్నాయి. నేల ఇంకా తడిగా ఉంది. తలుపు మూల నుంచి ఎదురు మూలకి ఒక దారం బిగించి ఉంది. దాని కింద తాజా సుద్దగీత. ఆ గీతకి అటొక మూడు మూలల చోటు, ఇటొక మూడు మూలల చోటు. ఒకదాన్లో ఆయన పని బల్ల, మూరెడు పక్కకి జరిగి ఉంది. అది ఎన్నడూ జరిగింది కాదు. దాని కాళ్ళు ఉన్నచోట నేల మీద నాలుగు నల్లటి మచ్చలు కనిపిస్తున్నాయి. రెండోదాన్లో, కిటికీ కింద, ఆమె చిన్నబల్ల ఉంది. ఊచలు మళ్ళీ కిటికీకి ఎక్కాయి.

మిషను మాత్రం పాతచోటే ఉంది. ఆయన మోకాళ్ళ మీద కూర్చుని, ఆమె చెప్పుని నేలకి నొక్కిపెట్టి చుట్టూ సుద్ద తిప్పుతున్నాడు.

"అది ఒక్కడి వల్ల కదల్లేదు" అన్నాడు తల ఎత్తకుండా. "గునపం నువ్వు పడితే, గొట్టాలు నేను వేస్తాను."

"టీ తాగారా?"

"తర్వాత."

ఆమె గునపం మొన మిషను కిందికి తోసి, కింద చెక్కముక్క పెట్టి, బరువంతా వేసి నొక్కింది. మిషను అంగుళం లేచింది. ఆయన గొట్టం దూర్చాడు. ఇంకో వైపు లేపితే ఇంకోటి. "ఆగు... ఊ, ఇప్పుడు... నీ వైపు కొంచెం... చాలు చాలు" అంటూ ఇద్దరూ దాన్ని వేలెడు వేలెడు తిప్పారు. ఎండెక్కేసరికి అది దారం కింద నిలబడింది. మూలమట్టం అలవాటుగా చంకలోని మట్టం తీశాడు. మిషనుకి ఆనించబోయాడు, గోడ వైపు చూశాడు, మళ్ళీ మిషను వైపు చూశాడు. ఆనించడానికి ఏమీ లేదు. దాన్ని తీసుకెళ్ళి మేకుకి తగిలించాడు.

అత్తగారు గుమ్మంలోకి వచ్చి నడుం మీద చేతులు వేసుకుంది. "ఏవిట్రా ఇది? అడ్డదిడ్డంగా! నువ్వేనా పెట్టింది?"

"నేనే."

"వంకరగా ఉందిరా!"

"ఉంటే ఉండనీ అమ్మా" అన్నాడు. దారం సరిచూసుకుంటూ, "రెండు వైపులా మనుషులు నిలబడాలి" అన్నాడు.

పైబల్లలు ఎత్తి, మిగిలిన పలకల్లో మొదటిది తీశారు. ఆయన దారం విప్పి చుట్ట చుట్టి, తలుపు వైపు చివరికి నడిచాడు. అక్కడే ఆయన చెప్పుల గుర్తులు. పలక లోపలికి ఎక్కే చివర ఆమెవి. రెండు పాదాలూ పక్కపక్కనే, సమంగా, మిషను అంచుకి మట్టం పెట్టినట్టు గీసి ఉన్నాయి. అలా ఎవరూ నిలబడరు. అలా నిలబడి పలక తోస్తే మనిషి ముందుకి పడతాడు. ఆమె ఎడమ కాలు గుర్తులోనే పెట్టి, కుడి కాలు గీత దాటించి, తనకి వీలైనట్టు వెనక్కి వేసి నిలబడింది.

ఆయన చూశాడు. సుద్ద అందుకోబోయి, దాన్ని అక్కడే వదిలేశాడు.

"పలక అందించండి" అంది ఆమె.